పదిహేడో ప్రశ్న

ప్రోద్రొమోస్ కాగితం మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు, గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు, కానీ హాల్లో గాలి ఎక్కడిది, కిటికీలన్నీ మూసేశారు, డిసెంబరు పొగమంచు గాజుకి మొహం ఆనించి లోపలికి చూస్తోంది. గంట టైమిచ్చారు. అందులో పది నిమిషాలు అప్పుడే పోయాయి, పేరు రాయడానికీ, నంబరు గళ్లు నింపడానికీ, కళ్లజోడు తుడుచుకోడానికీ. ముప్ఫై ప్రశ్నలు, ఒక్కో వాక్యంలో ఒక్కో ఖాళీ, ఒక్కో ఖాళీకి నాలుగు మాటలు, అందులో ఒకటే సరైనది, తక్కిన మూడూ దాని అక్కచెల్లెళ్లు, అందరిదీ ఒకటే పోలిక. సరైన మాట పక్కనున్న గడిని పెన్సిలుతో నింపాలి, గీత దాటకూడదు. ముప్ఫై రెండేళ్లు బొగ్గు గనిలో ఐదంతస్తుల మేడంత తవ్వుడు యంత్రాన్ని నడిపిన వేళ్లకి ఆ గడి బియ్యపుగింజంత లేదు. మోకాళ్లు బల్ల కింద పట్టక ఒక పక్కకి తిప్పుకుని కూర్చోవాల్సొచ్చింది. ముందు బల్ల మీద పసుపు క్లిప్పు పెట్టుకున్న పిల్ల, పదిహేనేళ్లుంటాయేమో, అప్పుడే రెండో పేజీ తిప్పేసింది, తిప్పిన చప్పుడు అతని చెవికి చెంపదెబ్బలా వినబడింది. హాలంతా ఇలాంటి పిల్లలే, మధ్యలో తమలాంటి నెరిసిన తలలు ఓ పన్నెండు, పొలంలో ఏరకుండా వదిలేసిన రాళ్లలా. నడవాకి అవతల, అదే వరసలో, సావ్వాస్. వాడు కూడా మోకాళ్లు పక్కకి తిప్పుకున్నాడు, నడవా వైపుకే, ఇద్దరి బూట్లూ ఇంచుమించు తగులుతున్నాయి.

వాడి వైపు చూడకూడదు, అనుకున్నాడు, ఇంకా చూడకూడదు. మొదటి ప్రశ్న. ఎవరో ఎవరినో గొడుగు అడుగుతున్నారు, ఇవ్వడమా తీసుకోవడమా, లెండ్ అయితే ఇచ్చేవాడి వైపునుంచి, బారో అయితే పుచ్చుకునేవాడి వైపునుంచి, తమ గ్రీకులో రెండిటికీ ఒకటే మాట, తోక మారుతుంది అంతే. ఈ ఇంగ్లీషువాళ్లు చెయ్యి చాచేవాణ్నీ చెయ్యి విదిల్చేవాణ్నీ పుట్టుకతోనే విడదీశారు, పాతకాలపు దొరలు కదా. బారో. గడి నింపాడు. గీత దాటింది, రబ్బరుతో తుడిచాడు, మళ్లీ నింపాడు. ఇలా ముప్ఫై. ఇదంతా ఎందుకయ్యా అంటే కొండకింద ఊటల దగ్గర పంపుహౌసు చూసుకునే ఉద్యోగం కోసం. మున్సిపాలిటీ వాళ్లు కాగితం అంటించారు, ఒకే ఒక ఖాళీ, పర్మనెంటు, యాభై అయిదు దాటని మనిషి, ఏదైనా ఒక పరాయి భాషలో సర్టిఫికెట్ ఉంటే అదనంగా మార్కులు. ఆ కాగితం చదివి సావ్వాసే అన్నాడు, "పంపుతో ఇంగ్లీషులో మాట్లాడాలి కాబోలు బావా, మన భాషలో చెబితే నీళ్లు పైకెక్కవేమో." ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వి, ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. గని మూతబడ్డాక ఆ జిల్లాలో ఖాళీ అని రాసి ఉన్న కాగితం అదొక్కటే.

ఆ తరవాత మార్కులు వేసుకుని చూసుకున్నారు, పెళ్లిసంబంధానికి జాతకాలు చూసినట్టు, ఎవరి ఇంట్లో వాళ్లు, ఒకరికొకరు చెప్పుకోకుండా. ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే ఏడాది గనిలో చేరారు, ఒకే రోజు బయటికి పంపారు. తేడా ఒక్కటే. ముగ్గురు పిల్లల తండ్రికి అదనంగా మార్కులున్నాయి. సావ్వాస్‌కి ముగ్గురు. ప్రోద్రొమోస్‌కి లేరు. ఒక్కరూ లేరు. పార్థెనాతో పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో థెసలొనీకీ డాక్టర్లు, తీనోస్ ద్వీపంలో మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి పెట్టుకున్న మొక్కు, కడుపులో నిలిచి జారిపోయిన రెండు, వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు, ఆ పేర్లు ఇంట్లో ఎవరూ పలకరు. దేవుడు ఇవ్వలేదు, సరే, ఆయన లెక్క ఆయనది, ప్రోద్రొమోస్ ఎదురు చెప్పినవాడు కాదు. కానీ దేవుడు ఇవ్వనిదానికి మున్సిపాలిటీ వాళ్లు కూడా మార్కులు కోస్తే దాన్నేమనాలి. ఇద్దరికీ సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం సావ్వాస్‌ది. సావ్వాస్‌కి రాకపోతే తనది. ఇంతే సంగతి, పదేళ్ల పిల్లకి కూడా అర్థమయ్యే లెక్క. రెండు నెలలుగా ఈ లెక్క అతని ఛాతీలో మింగిన గింజలా ఉంది, లోపలికి పోదు, పైకి రాదు. నిరుద్యోగ భృతి ఫిబ్రవరితో ఆగిపోతుంది. పవర్ స్టేషన్ నుంచి పైపుల్లో ఇళ్లకి వచ్చే వేడినీళ్లు ఈ చలికాలం గోరువెచ్చగానే వస్తున్నాయి, పార్థెనా ఇంట్లో కోటు వేసుకుని వంట చేస్తోంది.

మూడు, నాలుగు, అయిదు, వాటిని ఎలాగో దాటాడు. అయిదోది నీడ గురించి. చెట్టు కింద కూర్చునే నీడకి షేడ్ అనాలి, మనిషి వెంట నడిచే నీడకి షాడో అనాలి. ఈ జాబితా చేసింది కిరియాకీ. సావ్వాస్ పెద్దకూతురు, ఇరవై ఏడేళ్లది, పట్నంలో ఒక ట్యూషన్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతుంది. బాప్తిస్మంనాడు దాన్ని తొట్టిలోంచి అందుకుని నూనె జారే ఒంటితో గుండెకి హత్తుకున్నది ప్రోద్రొమోసే, ఆ పేరు పెట్టింది తనే, తన తల్లి పేరు. అప్పటినుంచీ సావ్వాసూ తనూ ఒకరికొకరు బావ, ఆ పిల్లకి తను మావయ్య, పార్థెనా అత్తయ్య. సెప్టెంబరు నుంచీ ఆదివారం సాయంత్రాలు సావ్వాస్ వంటింట్లో బల్ల దగ్గర ఇద్దరు ముసలి విద్యార్థులు, అటొకడు ఇటొకడు, మధ్యలో అది. "మన వాళ్లు ఎక్కడ తప్పుతారో నాకు తెలుసు నాన్నా, మనకి ఒకే మాట ఉండి వాళ్లకి రెండున్న చోటల్లా తప్పుతారు. వాళ్లు ప్రశ్నలు తీసేది కూడా అక్కణ్నించే." తెల్ల కాగితాల మీద రెండేసి మాటలు, ఎదురెదురుగా, రాయించి అప్పజెప్పించుకునేది. వేళ్ల దగ్గర సావ్వాస్ మొరాయించాడు. చేతి వేళ్లకి ఒక మాటా, కాలి వేళ్లకి ఇంకో మాటా ఏమిటే, వేలు వేలే కదా. గనిలో రాయి పడి రెండు కాలివేళ్లు పోయాయి వాడికి, సాక్సు విప్పి బల్లమీద పెట్టబోయాడు కాలు. "ఇవి పోయినందుకు ఇంగ్లీషువాళ్లు ఏమంటారే, ఆ మాట నేర్పు ముందు." "నాన్నా, ఆ బల్ల మీద అన్నం తింటాం." ప్రోద్రొమోస్‌కి మాత్రం త్వరగా వచ్చేది. చర్చిలో పాడేవాళ్ల పక్కన పుస్తకం పట్టుకుని ఇరవై ఏళ్లుగా పాత గ్రీకు చదువుతున్నాడు కాబట్టేమో, మాట ఎదురైతే దాని మొహం చూసి ఆగే అలవాటుంది. కిరియాకీ ప్రతిసారీ ముందు తననే అడిగేది. "మావయ్యా, నువ్వు చెప్పు." చెబితే సావ్వాస్ కళ్లు తిప్పేవాడు, "చూశావా, నా ఉప్పు తిని వాడికి టీచరైంది."

గని మీద గాలి లేని రోజుల్లో పవర్ స్టేషన్ పొగ నిటారుగా పైకి పోయేది. స్కై వేరు, హెవెన్ వేరు. అది కూడా ఒక జంట. తమ ప్రార్థనలో ఉన్నది ఒకటే మాట, ఉరనోస్, మబ్బులుండేదీ అదే, తండ్రి ఉండేదీ అదే. అది నేర్చుకున్న రోజు ఇంటికెళ్లి పరలోకమందున్న మా తండ్రీ అని మొదలుపెట్టి ఆగిపోయాడు, ఇన్నాళ్లూ నేను ఎక్కడికి పంపుతున్నాను దీన్ని, చిమ్నీల పొగ పోయిన చోటుకేనా. మర్నాడు ఫాదర్ యూస్తినోస్‌ని అడిగాడు. ఇంకోటి కూడా అడిగాడు, బాబెలు గోపురం దగ్గర దేవుడే కదా మనుషుల మాటలు తారుమారు చేసింది, అది శిక్ష అయితే, ఇప్పుడు కూర్చుని ఇంకొకళ్ల మాట నేర్చుకోవడం పశ్చాత్తాపమా, ఎదిరింపా. ఫాదర్ గడ్డం నిమురుకుని, "ముందు పరీక్ష రాసి రా, తరవాత మాట్లాడదాం" అన్నాడు. మంచివాడే. పరీక్షకి వెళ్లేవాళ్ల పెన్సిళ్లన్నీ పోయిన శనివారం పళ్లెంలో పెట్టి దీవించాడు, పిల్లల రంగురంగుల పెన్సిళ్ల మధ్య తనదీ సావ్వాస్‌దీ, చెక్క మీద గీతలు గీసే వడ్రంగి పెన్సిళ్లంత లావువి. ఆదివారం పూట పూజకి వెళ్లకుండా ఇక్కడ కూర్చున్నాడు ఇవాళ, ఎన్నో ఏళ్ల తరవాత మొదటిసారి. ఈ వేళకి అక్కడ రొట్టే ద్రాక్షరసమూ మోసుకొచ్చే పెద్ద ప్రవేశం అవుతుంటుంది, అందరూ తలలు వంచుతారు. ఇక్కడా అందరూ తలలు వంచే ఉన్నారు.

ఇక్కడే ఉంది ఆ పెన్సిలు, మూడు వేళ్ల మధ్య. ప్రభువా యేసు క్రీస్తూ, పాపిని, నన్ను కరుణించు. శ్వాసకొకసారి అనుకోవాలని చిన్నప్పుడు నాయనమ్మ నేర్పింది. పొద్దున్నే పార్థెనా దేవుడి పటాల ముందు ఒత్తి వెలిగించింది, తరవాత రెండు సన్న కొవ్వొత్తులు తీసింది. అతను కోటు తొడుక్కుంటూ చూశాడు. "రెండెందుకు?" "నీకొకటి, సావ్వాస్‌కొకటి." వీపు ఇటు పెట్టుకునే, "ఒకటే వెలిగిద్దామనుకున్నా ప్రోద్రొమోస్. చెయ్యి రాలేదు" అంది. ఆ మాట కారులో దారంతా అతని పక్కనే కూర్చుంది, వెనక సీట్లో సావ్వాస్ కిరియాకీకి వేళ్లూ నీడలూ అప్పజెబుతున్నా సరే. చెయ్యి రాలేదట. వచ్చి ఉంటే ఏమనుకునేవాడు తను. ఒప్పుకుంటే సిగ్గు, కానీ నిజం, రానందుకు కోపం వచ్చింది. నీ మొగుడి కోసం మొక్కడానికి కూడా నీకు మొహమాటమా అనాలనిపించింది, తలుపు కొంచెం గట్టిగా వేశాడు.

సావ్వాస్ దగ్గాడు.

అది సైగ. ప్రోద్రొమోస్ తల ఎత్తకుండా కళ్లు మాత్రం తిప్పాడు. పర్యవేక్షకుడు, థెసలొనీకీ నుంచి వచ్చినవాడు, సన్నగా పొడుగ్గా ఉన్నాడు, కొత్త బూట్లు, నడిస్తే కిర్రుమంటాయి, కాబట్టి ఎక్కడున్నాడో చూడక్కర్లేదు, వింటే చాలు. ఇప్పుడు కిటికీ దగ్గర. సావ్వాస్ ఎడంచెయ్యి బల్ల అంచుమీద, ఆరు వేళ్లు చూపించాడు, అయిదు, తరవాత ఒకటి. ఆరో ప్రశ్న. ఈ ఏర్పాటు బొగ్గుగని కూలీల పండగనాడు జరిగింది, సెయింట్ బార్బరా రోజు, గని లేకపోయినా పండగ చేశారు, గోధుమ పాయసం గిన్నెలు పట్టుకుని మూతబడ్డ గేటు దగ్గర నిలబడి. సావ్వాస్ అతన్ని పక్కకి లాగాడు. "బావా, ఒక్క మాట. నేను గట్టు మీదున్నా. కిరియాకీ అంటోంది, నాన్నా నువ్వు పద్దెనిమిది తెచ్చుకుంటావో పదిహేడు తెచ్చుకుంటావో నాకే తెలీదు అని. పద్దెనిమిది లేకపోతే పాస్ కాదు. నాకు నాలుగైదు అందిస్తే చాలు." తను పాయసంలో ఎండుద్రాక్షలు ఏరుకుంటూ ఉండిపోయాడు. "ఎలా అందించను? మాట్లాడతామా అక్కడ?" "మనం ఎప్పుడు మాట్లాడాం బావా" అన్నాడు సావ్వాస్.

నిజమే. యంత్రం తిరుగుతుంటే ఆ రొదలో మనిషి గొంతు వాడి నోట్లోనే చచ్చిపోయేది. పైన క్యాబిన్‌లో ప్రోద్రొమోస్, కింద మట్టిలో సావ్వాస్, మధ్యన చేతులు. పిడికిలి అంటే ఆపు. తెరిచిన అరచెయ్యి అంటే నడుపు. బొటనవేలు పైకి అంటే ఎత్తు, కిందకి అంటే దించు. ఈ నాలుగూ చాలు, ముప్ఫై రెండేళ్లు ఈ నాలుగు మాటలతో కొండలు తిన్నారు. నాలుగు సైగలు, నాలుగు జవాబులు, వరసగా మొదటిది పిడికిలి, రెండోది అరచెయ్యి, మూడోది పైకి, నాలుగోది కిందకి. దీనికి శిక్షణ అక్కర్లేదు, కిరియాకీ అక్కర్లేదు. "నువ్వు చర్చిలో పాడేవాడివి, నీకిది పాపమేమో, ఆలోచించుకో" అని కూడా అన్నాడు సావ్వాస్, మంచివాడు, వాడి మంచితనమే ఎప్పుడూ ప్రాణం తీసేది. ఆరోదానికి రెండోది సరైన జవాబు. ప్రోద్రొమోస్ బల్లమీద అరచెయ్యి తెరిచి పెట్టాడు. పెన్సిలు గీసిన చప్పుడు. ఆ తరవాత పదకొండోది, బొటనవేలు పైకి. తరవాత పధ్నాలుగు, అరచెయ్యి. మూడూ సరైనవే. ఇది పాపం కాదేమో, అనుకున్నాడు, ఒకడి బరువు ఇంకొకడు మోయమని కదా రాసుంది, మోస్తున్నాను, మోసి వాణ్ని పంపుహౌసులోకి ఎక్కిస్తున్నాను, వాడి చేతికి తాళాలిచ్చి నేను మంచులో నడుచుకుంటూ ఇంటికెళ్తాను, పార్థెనా కోటు వేసుకుని తలుపు తీస్తుంది.

పదిహేనోది ఊరి గురించి, ఎవరో రైతు ఊరు వదిలి వెళ్లాడట. కరీద్యా. తమ ఊరు. ఇప్పుడు అక్కడ ఊరు లేదు, గొయ్యి ఉంది, గొయ్యి అడుగున పచ్చటి నీళ్లున్నాయి, ఊరి కింద బొగ్గుందని ముందే తెలుసు, తాతల కాలంనుంచీ తెలుసు, ఎవరూ నమ్మలేదు. ఇళ్లకి పరిహారం ఇచ్చారు, చర్చిని పటాలతో సహా కొత్త కాలనీకి మార్చారు, సమాధులు తవ్వి ఎముకల్ని వైన్‌తో కడిగి చెక్కపెట్టెల్లో సర్దారు, ప్రోద్రొమోస్ తండ్రి ఎముకలు తను కడిగినవే, మోకాలి చిప్ప పసుపుగా, నది గులకరాయిలా నున్నగా ఉంది. అన్నీ తీసేశాక తవ్వాల్సిన షిఫ్టు తనదీ సావ్వాస్‌దీ అయింది. వేరేవాళ్లు చేస్తామన్నారు. వద్దన్నారు ఇద్దరూ, పరాయివాడి చేతిలో పోవడం ఎందుకని. యంత్రం తవ్వే చక్రం బళ్లోకి వెళ్లింది, తమ బడే, గోడ పడుతుంటే లోపల నీలిరంగు కనబడింది, ఆ రంగు తమ చిన్నప్పుడు వేసిందే. చక్రం పాత చర్చి ఆవరణ దగ్గరికొచ్చేసరికి కింద సావ్వాస్ పిడికిలి ఎత్తాడు. ఆపు. కారణం ఏమీ కనబడలేదు, తీగ లేదు, మనిషి లేడు. ఆపాడు. ఎందుకని అడగలేదు, పిడికిలి చూశాక ఎందుకని అడగడం వాళ్లకి తెలీదు. సావ్వాస్ హెల్మెట్ తీసి ఆవరణ మధ్యదాకా నడిచి వెళ్లి, సమాధులు తీసేసిన గుంటల మధ్య నిలబడి, సిలువ గుర్తు వేసుకుని, తిరిగొచ్చి, హెల్మెట్ పెట్టుకుని, అరచెయ్యి తెరిచాడు. నడుపు. నడిపాడు. ఆ రాత్రి ఇద్దరూ ఒక సీసా సారా తాగారు. ముప్ఫై రెండేళ్లలో తప్పు సైగ చేసినవాడు ఒకడే, వాళ్ల జట్టువాడు కాదు, కొత్తవాడు, ఎత్తమనాల్సింది దించమన్నాడు, కింద ఉన్నవాడికి రెండు కాళ్లూ పోయాయి. ఆ కొత్తవాణ్ని తరవాత ఎవరూ తిట్టలేదు. కాఫీకి మాత్రం పిలవలేదు, ఎప్పుడూ.

"ఇంకా ఇరవై నిమిషాలుంది" అన్నాడు పర్యవేక్షకుడు. వెంటనే సావ్వాస్ దగ్గాడు. పది వేళ్లు, తరవాత ఏడు. పదిహేడు.

ప్రోద్రొమోస్ పదిహేడో ప్రశ్న చూశాడు. ఈ పాట మా అమ్మను నాకు డాష్. నాలుగు మాటలు. మొదటిది రిమెంబర్స్, రెండోది రిమైండ్స్, మూడూ నాలుగూ ఎవరూ పెట్టని దూరపు చుట్టాలు. అతని పెదవులు అతనికి తెలియకుండానే కదిలాయి. ఇది అతని జంట. జాబితాలో తక్కినవన్నీ కిరియాకీవి, ఇది మాత్రం అతనిది. తమ భాషలో ఈ రెండిటికీ ఒకే మాట తోకలు మార్చుకుంటుంది, అందుకని వారం రోజులు కలిపేసుకుంటూ వచ్చాడు, ఎనిమిదోనాడు కిరియాకీ సొంతంగా ఒక వాక్యం రాసుకురమ్మంటే రాశాడు. తడి సున్నం వాసన మా ఊరిని నాకు గుర్తుచేస్తుంది, సున్నానికి మాత్రం ఏమీ గుర్తుండదు. అంత పొడుగు వాక్యం ఇంగ్లీషులో రాయడానికి రాత్రి రెండయింది. అది చదివి ఆ పిల్ల కళ్లజోడు తీసింది, మళ్లీ పెట్టుకుంది, కాగితాన్ని వాళ్ల ఫ్రిజ్ తలుపుకి అంటించింది, మూడు నెలలైంది, ఇంకా అక్కడే ఉంది, పాలకోసం తలుపు తీసినప్పుడల్లా సావ్వాస్ దాన్ని చూస్తూనే ఉంటాడు. చూసీ అడుగుతున్నాడంటే, వాడికి తెలుసు, సరిచూసుకోడానికి అడుగుతున్నాడు, ఇద్దరం ఒకటే అనుకున్నామా బావా అని. అదంతా అతనికి ఒక్క క్షణంలో తెలిసింది. వాడు గట్టు మీదున్నాడనీ తెలుసు. ఒక్కటి అటైనా ఇటైనా. వద్దు, అనుకున్నాడు. ప్రభువా యేసు క్రీస్తూ. వద్దనుకోవడమూ ఒక పక్క సాగుతూనే ఉంది, కోటు వేసుకుని ఉల్లిపాయలు తరిగే పార్థెనా వీపూ కనబడుతూనే ఉంది, ముగ్గురున్నారు వాడికి, నీ ఇంట్లో మూడు గిన్నెలు నిండుతున్నాయి చాలదా, నీకు కూతురుంది, ఆ కూతురే నీకు ఇంగ్లీషు నేర్పింది, నాకు నీ కూతుర్ని ఆదివారాలు అప్పిచ్చావు అంతే, ఇదంతా అతను అనుకుంటుండగా అతని చెయ్యి బల్ల అంచుమీదకి తనంతట తను జరిగినట్టు జరిగింది, నాలుగు వేళ్లూ ముడుచుకున్నాయి, బొటనవేలు వాటిమీద మూతపడింది. పిడికిలి.

సావ్వాస్ దాన్ని చూశాడు. ఒక్క క్షణం ఆగాడు, అంతే, ఒక్క క్షణం, ఆ క్షణంలో ప్రోద్రొమోస్ చెయ్యి తెరవచ్చు, కిర్రు బూట్లు ఇంకా దూరంగానే ఉన్నాయి. తెరవలేదు. అప్పుడు రబ్బరు చప్పుడు వినబడింది. మెత్తగా, ఓపిగ్గా, చిన్నపిల్ల నుదురు తుడుస్తున్నట్టు. తుడుస్తున్నాడు. పెట్టేసిన జవాబు తుడుస్తున్నాడు. సరిగ్గా పెట్టాడు వాడు, వాడంతట వాడు, ఎవరి సాయం లేకుండా, యాభై మూడేళ్ల వయసులో, రెండు మాటల మధ్య తేడా పట్టుకుని పెట్టాడు, ఇప్పుడు దాన్ని తుడుస్తున్నాడు, పిడికిలి చూశాక ఎందుకని అడగడం తెలియనివాడు. పొట్టు ఊదాడు. మొదటి గడి నింపాడు. నింపి, గాలి పీల్చుకుని, పెదవి చివర చిన్నగా నవ్వాడు బల్లకేసి.

తెల్లగా మంట లేస్తుందేమో, కప్పు కూలుతుందేమో అనుకున్నాడు ప్రోద్రొమోస్. ఏమీ కాలేదు. పసుపు క్లిప్పు పిల్ల ముక్కు చీదుకుంది. తనకి మాత్రం కొంచెం చెమట పట్టింది, చంకల్లో, అంతే. తన కాగితం మీద పదిహేడులో రెండో గడి నింపాడు, ఈసారి గీత దాటలేదు. సావ్వాస్ ఇరవై ఒకటి అడిగాడు, అది తనకీ నిజంగా తెలీదు, అయినా తనేం పెట్టాడో అది కాకుండా వేరేది చూపించాడు. ఇరవై నాలుగు అడిగాడు. బొటనవేలు కిందకి. ఇరవై ఎనిమిది. పిడికిలి. మొదటిది చేసేటప్పుడు ఛాతీలో ఏదో పగిలినంత పనైంది, తరవాతివి షిఫ్టులో ఆఖరి గంటలా జరిగిపోయాయి, చెయ్యి పని చేస్తుంటే మనసు వేరే చోట ఉంది, మనసు ఫాదర్ యూస్తినోస్ ముందు నిలబడి, పాపం ఒప్పుకునేవాళ్లకి ఆయన కప్పే వస్త్రం కింద తల పెట్టి, ఎలా మొదలుపెట్టాలో మాటలు వెతుక్కుంటోంది. తప్పు చెప్పాను అంటే చాలదు, తెలిసి చెప్పాను అనాలి. ఎందుకు అంటే ఏమనాలి. ఆకలితో అనడానికి లేదు, ఆకలి ఇంకా రాలేదు. అసూయ అంటే ఆ మాట కూడా సరిపోవడం లేదు, అసూయ వాడి పిల్లలమీదా, పంపుహౌసు మీదా, లేక సరైన జవాబు కూడా తుడిచేసుకునేంతగా ఒకణ్ని నమ్మగలగడం మీదా. ఫాదర్ క్షమిస్తాడు. అదే చేదుగా ఉంది. దేవుడు కూడా క్షమిస్తాడేమో, ఆయనకి అలవాటే. వాళ్లిద్దరికీ ఏమీ పోలేదు కదా క్షమించడానికి. ప్రభువా యేసు క్రీస్తూ అని మొదలుపెట్టాడు, పాపిని అన్న చోట గొంతు తడబడలేదు, హాయిగా దాటిపోయింది, ఎన్ని వేలసార్లు అన్నాడో దాన్ని, ఇన్నాళ్లూ అది తన గురించి కాదు, అందరి గురించి.

"పెన్సిళ్లు కింద పెట్టండి అయ్యా" అన్నాడు పర్యవేక్షకుడు, పిల్లల్ని దాటి నేరుగా వీళ్లకేసే చూస్తూ, గౌరవంగా. కాగితాలు తీసుకుంటూ సావ్వాస్ దగ్గర ఆగి, గళ్లలో మరకలు చూసి, "చాలా తుడిచారే" అన్నాడు. "గనివాళ్లం కదయ్యా, ఎక్కడ కూర్చోబెట్టినా తవ్వుతాం" అన్నాడు సావ్వాస్, ఆ వరసలోవాళ్లు నవ్వారు.

బయట ఆవరణలో పొగమంచు కరగలేదు. కిరియాకీ కారుకి ఆనుకుని నిలబడింది, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, కొండ ఆకుల టీ వాసన దూరానికే వస్తోంది. సావ్వాస్ వెనకనుంచి వచ్చి ప్రోద్రొమోస్ మెడ మీద చెయ్యి వేశాడు, ఆ చేతి బరువంతా వేశాడు. "నడు బావా, టీచరమ్మ బెత్తం పట్టుకుని నిలబడింది." ఆ పిల్ల కాగితపు గ్లాసులు మూడూ కారు బానెట్ మీద పెట్టింది. "ఎలా రాశారు? నాన్నా, ముందు నువ్వు చెప్పు, నీ గురించే నాకు భయం." సావ్వాస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పాస్ అయిపోయాను అనుకో. మీ మావయ్య ఉన్నాడు కదా. అడిగినవన్నీ చూపించాడు, గనిలో లాగే." "నాన్నా," అంది కిరియాకీ, నవ్వాలో కోప్పడాలో తెలియక, "సిగ్గులేదా ఇద్దరికీ. ఏమేం అడిగావు?" "చాలా అడిగానులే. పదిహేడోది మాత్రం నిజంగా బతికించాడే, నేను తప్పు పెట్టేశాను. ఈ పాట అమ్మని ఏదో చేస్తుందని. నేను రిమైండ్స్ పెట్టా, నమ్మకంగా పెట్టా చూడు. మావయ్య పిడికిలి చూపించాడు. తుడిచేసి రిమెంబర్స్ పెట్టా. లేకపోతే పోయేవాణ్ని."

కిరియాకీ ఫ్లాస్కు మూత తిప్పుతోంది. తిప్పడం ఆగింది. ఎక్కడో ఒక కారు స్టార్టవలేక మూలుగుతోంది, ఎవరో పిల్ల తల్లికి ఫోన్‌లో గబగబా ఏదో చెబుతోంది. ప్రోద్రొమోస్ ఆ పిల్ల మొహం చూశాడు, తొట్టిలోంచి తను అందుకున్న మొహం, నుదుటిమీద అప్పుడు నూనె మెరిసిన చోట ఇప్పుడు సన్నగా ఒక గీత పడింది, గీత పడి నిలబడింది. "సరే నాన్నా," అంది, "మంచిది, చల్లారకముందే తాగు." మూత తీసింది. సావ్వాస్‌కి పోసింది. తను పోసుకుంది. మూడో గ్లాసులో కూడా పోసింది, అంచుదాకా, ఎప్పుడూ పోసినట్టే, పోసి అతని వైపు జరిపింది. పద్దెనిమిదోది ఏం పెట్టావు, ఇరవై ఏం పెట్టావు అని తండ్రిని ఒక్కొక్కటీ అడుగుతూ వేళ్లమీద లెక్కపెడుతోంది, సావ్వాస్ చెబుతున్నాడు, ప్రోద్రొమోస్ గ్లాసు రెండు చేతులా పట్టుకుని తన వంతు కోసం నిలబడ్డాడు. ముప్ఫై దాకా అడిగింది. ఫ్లాస్కు మూత బిగించింది. కారు తలుపు తీసి, వెనక సీటు మీది కోట్లు సర్ది, "ఎక్కండి, మళ్లీ మంచు దట్టమవుతోంది" అంది, తండ్రికేసి చూస్తూ.